నలభై రోజులు ప్రార్థన చేశాను, జవాబు లేదు.. అసలు దేవుని చిత్తం మీకెలా తెలుస్తుంది?

చిన్నమంద_12
విషయం సూటిగా చెప్పేస్తాను. ఇప్పుడున్న ఉద్యోగంలో ఏడేళ్లయింది. వేరే ఊళ్లో ఇంకో కంపెనీ నుంచి ఆఫర్ వచ్చింది, జీతం ఎక్కువ, పని కూడా నాకిష్టమైనదే. ఇక్కడేమో సంఘం ఉంది, నేను చెప్పే సండే స్కూల్ పిల్లలున్నారు, అమ్మ ఉంది. వెళ్లాలా వద్దా అని నలభై రోజులు ప్రార్థనలో పెట్టాను, అందులో మూడు రోజులు ఉపవాసం కూడా. ఏమీ లేదు. కల లేదు, వాక్యం లేదు, లోపల కదలికా లేదు. మా సంఘంలో ప్రతి ఆదివారం ఎవరో ఒకరు లేచి "ప్రభువు నాతో మాట్లాడాడు" అని సాక్ష్యం చెప్తారు, వాళ్లతో అంతసేపు మాట్లాడేవాడు నాతో ఒక్క ముక్క మాట్లాడడానికేంటి? మొన్న విసుగొచ్చి కళ్లు మూసుకుని బైబిల్ తెరిచి వేలు పెట్టాను. సంఖ్యాకాండం మొదటి అధ్యాయం. రూబేను గోత్రంలో లెక్కకొచ్చినవాళ్లు 46,500 మంది. నవ్వాలో ఏడవాలో తెలీలేదు. వచ్చే శుక్రవారం లోపు వాళ్లకి జవాబివ్వాలి. మీకెలా తెలుస్తుందో చెప్పండి, "ప్రార్థన చేయండి" అని మాత్రం చెప్పొద్దు, అది చేసే వచ్చాను.

గాడిద_మాట్లాడింది
ఆఫర్ లెటర్లో జీతం 46,500 ఉందేమో ఒకసారి చూసుకోండి

ఇంకో ఇరవై ఒక్క అధ్యాయాలు ముందుకెళ్లి వేలు పెట్టుంటే నేనే దొరికేదాన్ని, బిలాముతో మాట్లాడిన గాడిదని, నేరుగా చెప్పేసేదాన్ని

వాక్యమే_చాలు
"ఇది దేవుని చిత్తం" అని బైబిల్ పేరు పెట్టి మరీ చెప్పిన చోట్లు చూడండి. 1 థెస్సలొనీక 4:3, మీరు పరిశుద్ధులగుటయే దేవుని చిత్తం. అదే పత్రిక 5:18, ప్రతి విషయంలో కృతజ్ఞతాస్తుతులు చెల్లించడం దేవుని చిత్తం. ఏ కంపెనీలో చేరాలో అక్కడ లేదు. ద్వితీయోపదేశకాండము 29:29 ప్రకారం రహస్యాలు ఆయనవి, బయలుపరచబడినవి మనవి. బయలుపరచినవాటిని పక్కనపెట్టి రహస్యాల వెంట పడటం మన జనానికి అలవాటైపోయింది. జ్ఞానం ఇచ్చాడు, వాడండి.

చిన్నమంద_12
బ్రదర్ మీరు చెప్పింది కరెక్టే కానీ "జ్ఞానం వాడండి" అంటే ఇక దేవుణ్ణి అడగడం ఎందుకు? నమ్మనివాడు కూడా అదే చేస్తాడుగా, కాగితం మీద లాభనష్టాలు రాసుకుని.

వాక్యమే_చాలు
యాకోబు 1:5 చదవండి. జ్ఞానం కొదువగా ఉన్నవాడు దేవుణ్ణి అడగాలి అన్నాడు, జవాబు అడగమనలేదు. ఆ రెండింటికీ తేడా ఉంది.

తెరిచిన_తలుపు
నేనొప్పుకోను. మీరు వెతక్కుండానే ఆఫర్ వచ్చిందంటే అది ప్రభువు తెరిచిన తలుపే. నా జీవితంలో ప్రతిసారీ అలాగే జరిగింది, ఆయన చిత్తమైతే తలుపు తెరుచుకుంటుంది, కాకపోతే మూసుకుంటుంది, సింపుల్. ఎక్కువ ఆలోచిస్తే విశ్వాసం తగ్గుతుంది.

రూతు_చేను
తెరిచిన తలుపు గారూ, దేవుడి నుంచి పారిపోతూ యోనా యొప్పే రేవుకి వెళ్లేసరికి తర్షీషు ఓడ రెడీగా ఉంది. టికెట్ డబ్బులు కూడా జేబులో ఉన్నాయి. ఇంతకంటే తెరిచిన తలుపు ఏముంటుంది?

దావీదు సంగతి కూడా చూడండి, 1 సమూయేలు 24. చంపాలని తిరుగుతున్న సౌలు రాజు తనంతట తనే వచ్చి దావీదు దాక్కున్న గుహలోకే దూరాడు. పక్కనున్నవాళ్లు ఏమన్నారు? దేవుడు నీ శత్రువుని నీ చేతికి అప్పగిస్తానన్న రోజు ఇదే అన్నారు. అచ్చం మన ప్రార్థన గ్రూపుల్లో అన్నట్టే. దావీదు బట్ట చెంగు కోసి, దానికే మనసు నొచ్చుకుని ఆగిపోయాడు. తలుపు తెరుచుకుంది కదా అని దూరిపోయుంటే హత్య అయ్యేది.

తెరిచిన_తలుపు
యోనాకి దేవుడు ముందే నీనెవె వెళ్లమని చెప్పాడు కదా సిస్టర్. ఈ బ్రదర్‌కి ఏమీ చెప్పలేదు. కేసు వేరు.

రూతు_చేను
అది నిజమే, ఒప్పుకుంటాను. దావీదు కేసు మాత్రం ఒప్పుకోను 🙂

ఉదయపు_మంచు
చిన్నమంద గారూ, మీరు బైబిల్‌లో వేలు పెట్టారు, నేను లిఫ్ట్ పెట్టాను. ఒక సంబంధం గురించి ఒప్పుకోవాలా వద్దా అని తేలక, గిద్యోను గొర్రె బొచ్చు పరిచి, మంచు దాని మీదే పడాలని దేవుణ్ణి గుర్తు అడిగాడు కదా నేనెందుకు అడక్కూడదు అనిపించింది. ఆఫీసులో లిఫ్ట్ బటన్ నొక్కి, "ప్రభువా, ఖాళీగా వస్తే అవును, మనుషులుంటే కాదు" అన్నాను. ఖాళీగా వచ్చింది. నమ్మకం కుదర్లేదు, గిద్యోను కూడా రెండుసార్లు అడిగాడు కదా అని వదిలేసి మళ్లీ నొక్కాను. ఈసారి లోపల ఒకాయన పెద్ద అట్టపెట్టె రెండు చేతుల్తో పట్టుకుని నిలబడ్డాడు, దాని మీద ఎర్ర అక్షరాల్తో "జాగ్రత్త" అని రాసుంది. ఆయన "ఎక్కుతారా అమ్మా" అన్నాడు. నేను ఎక్కలేదు. రెండు రోజులు ఆ "జాగ్రత్త" దేవుడి మాటా గాజు సామాను కంపెనీ మాటా అని నిద్రపోలేదు. అన్నం సయించలేదు. ఇప్పుడు తల్చుకుంటే నవ్వొస్తుంది కానీ ఆ రెండు రోజులు నరకం.

గాడిద_మాట్లాడింది
"ఎక్కుతారా అమ్మా" అన్నదే దేవుడి మాటేమో, అది వదిలేసి అట్టపెట్టె చదివారు

ఉదయపు_మంచు
అయ్యో ఇది నాకు తట్టలేదు, ఇప్పుడు ఇంకో రెండు రోజులు నిద్ర పోయినట్టే 😂

వాక్యమే_చాలు
గిద్యోను గురించి ఒక మాట. న్యాయాధిపతులు 6లో బొచ్చు సంగతి 36వ వచనంలో వస్తుంది. అంతకు చాలా ముందే, 14లో, దేవుడు వెళ్లమన్నాడు, 16లో నేను తోడుంటానన్నాడు. అంటే గిద్యోనుకి చిత్తం ముందే తెలుసు. తెలిసిందాన్ని నమ్మలేక బొచ్చు పరిచాడు. రెండోసారి అడిగేటప్పుడు నీ కోపం నా మీద రానివ్వకు అని తనే భయపడుతూ అడిగాడు. అది మనకి పద్ధతిగా నేర్పడానికి రాసింది కాదు, ఆయన ఓపిక చూపించడానికి రాసింది.

మెథడిస్టు_మనవడు
ఇలా గుర్తులు అడగడం అంటే, చీటీలు వేసిన జాన్ వెస్లీ గుర్తొచ్చాడు, మా మెథడిస్టు ఉద్యమం మొదలుపెట్టినాయన. 1737లో అమెరికాలోని సవన్నాలో ఉన్నప్పుడు సోఫియా హాప్కీ అనే అమ్మాయిని పెళ్లి చేసుకోవాలా వద్దా అని తేల్చుకోలేక మూడు చీటీలు వేయించాడు. చేసుకో, ఈ ఏడాది ఆలోచించకు, ఇక ఆలోచించనే వద్దు, ఇవీ మూడు. ఆలోచించనే వద్దు అన్నది వచ్చింది. ఆ అమ్మాయి కొద్ది రోజులకే ఇంకొకాయన్ని పెళ్లి చేసుకుంది. ఇక్కడితో అయిపోతే బావుండేది, కొన్ని నెలల తర్వాత వెస్లీ ఆమెకి ప్రభువు బల్ల ఇవ్వడానికి నిరాకరించాడు, అది కోర్టుదాకా పోయింది, ఆ డిసెంబరులో ఆయన ఆ ఊరు వదిలి వచ్చేశాడు. చీటీ మాత్రం తేలింది, మనసు తేలలేదు. అంత పెద్ద దైవజనుడికే అలాగైతే లిఫ్టులూ అట్టపెట్టెలూ ఎంత.

సందేహాల_తోమా
అపొస్తలులు చీటీలు వేశారుగా? అపొస్తలుల కార్యములు (అపో.కా.) 1:26, యూదా స్థానంలో మత్తీయని ఎంచుకోడానికి.

మెథడిస్టు_మనవడు
వేశారు. తర్వాతి అధ్యాయంలో పరిశుద్ధాత్మ దిగొచ్చాడు. ఆ తర్వాత వాళ్లు చీటీ వేసినట్టు కొత్త నిబంధనలో ఇంకెక్కడా లేదు. 15వ అధ్యాయంలో సున్నతి విషయంలో పెద్ద చిక్కొస్తే కూర్చుని చాలాసేపు వాదించుకున్నారు, చివర్లో ఉత్తరంలో ఏం రాశారో చూడండి, "పరిశుద్ధాత్మకును మాకును" తోచింది అని. "మాకును" అని రాయడానికి ఎంత ధైర్యం కావాలి! మనమైతే "మాకును" కొట్టేసి "పరిశుద్ధాత్మ చెప్పాడు" అని రాసేవాళ్లం.

పాత_తిత్తి
పై పోస్టు చివరి లైను చదివాక రాయకుండా ఉండలేకపోయాను. మామూలుగా చదివి వెళ్లిపోతుంటాను.

నాకు ముప్పై రెండేళ్లప్పుడు ఒక కూడికలో బయటనుంచొచ్చిన ప్రసంగీకుడు నా తల మీద చెయ్యి పెట్టి "దేవుడు నిన్ను ఉద్యోగం వదిలి రమ్మంటున్నాడు, ఆలస్యం చేస్తే అభిషేకం పోతుంది" అన్నాడు. అంతకుముందు ఆయన నన్ను ఎప్పుడూ చూడలేదు. వందల మంది ముందు అన్నాడు, అందరూ హల్లెలూయా అన్నారు. నెలలో రాజీనామా ఇచ్చాను. మా ఆవిడకి అప్పుడు ఆరో నెల. మూడేళ్లు.. ఏం చెప్పను, అప్పులు, అద్దె కట్టలేక రెండిళ్లు మారడం, పుట్టిన పిల్లకి జ్వరమొస్తే మందులకి ఎవర్ని అడగాలా అని రాత్రంతా లిస్టు వేసుకోవడం. ఆయన్ని మళ్లీ కలిస్తే "నీలో విశ్వాసం తక్కువ" అన్నాడు, నా పేరు కూడా గుర్తులేదు. ద్వితీయోపదేశకాండము 18:22 నేను అప్పుడు చదవలేదు, చదివుంటే ఆ ప్రవక్త అహంకారంతో చెప్పాడు, నీవు అతనికి భయపడవద్దు అన్న మాట నన్ను కాపాడేదేమో. విశ్వాసం పోలేదు, ఉద్యోగం మళ్లీ దొరికింది, కానీ ఇప్పటికీ ఎవరైనా "ప్రభువు నీతో చెప్పమన్నాడు" అని మొదలుపెడితే ఒళ్లు బిగుసుకుపోతుంది.

చిన్నమంద బాబూ, నీకు ఎవరూ ఏమీ చెప్పలేదు కదా. సంతోషించు.

ఉదయపు_మంచు
🙏 ఏమనాలో తెలీట్లేదు అన్నా

తెరిచిన_తలుపు
అన్నా మీ బాధ అర్థమవుతుంది, కానీ ఒక దొంగ ప్రవక్తని చూసి ప్రవచన వరాన్నే కాదనకూడదు. అపో.కా.లో అగబు అనే ప్రవక్త చెప్పింది జరిగింది కదా.

రూతు_చేను
అగబు కైసరయలో పౌలుకి ఏం చెప్పాడో చూడండి. యెరూషలేములో నిన్ను బంధిస్తారు అన్నాడు, అంతే. "కాబట్టి వెళ్లకు" అన్నది చుట్టూ ఉన్నవాళ్లు, ఏడుస్తూ. పౌలు ఆ ప్రవచనాన్ని నమ్మాడు, నమ్మి కూడా వెళ్లాడు. నిర్ణయం పౌలుకే వదిలేశారు చివరికి, ప్రభువు చిత్తం జరుగును గాక అని ఊరుకున్నారు. పాత తిత్తి అన్న తల మీద చెయ్యి పెట్టినాయన చేసింది అది కాదు, నిర్ణయం కూడా తనే తీసేసుకున్నాడు, ఖర్చు మాత్రం అన్నది.

లొయోలా_దారి
నేను కథోలిక సంఘం, ఇక్కడ మైనారిటీ అని తెలుసు, అయినా ఒకటి చెప్తాను. ఇగ్నేషియస్ లొయోలా 1521లో పాంప్లోనా కోట దగ్గర ఫిరంగి గుండు తగిలి కాలు విరిగి నెలల తరబడి మంచం మీద ఉన్నాడు. సైనికుడు కదా, వీరుల కథలు కావాలన్నాడు, ఆ ఇంట్లో అవి లేవు, క్రీస్తు జీవితమూ పరిశుద్ధుల కథలూ ఇచ్చారు. పడుకుని రెండు రకాల పగటికలలు కనేవాడు. ఒకటి రాజకుమార్తె మెప్పు పొందడం, యుద్ధాలు. రెండోది పరిశుద్ధుల్లాగా బతకడం. రెండూ కంటున్నంతసేపూ హాయిగానే ఉండేవి. తేడా తర్వాత తెలిసింది, మొదటిది అయిపోయాక లోపల ఎండిపోయినట్టుండేది, రెండోది అయిపోయాక కూడా సంతోషం మిగిలేది. వివేచన గురించి ఆయన రాసినదంతా ఆ మంచం మీద మొదలైంది. చిన్నమంద గారూ, రెండు రోజులు "వెళ్తున్నాను" అని తీర్మానించేసుకున్నట్టు బతికి చూడండి, రెండు రోజులు "ఉండిపోతున్నాను" అని. వెంటనే వచ్చే ఉత్సాహం లెక్కలోకి కాదు, సాయంత్రానికి ఏం మిగిలిందో చూడండి. ఇంకొకటి, మనసు చీకటిగా, ఎండిపోయి ఉన్నప్పుడు ముందు చేసుకున్న తీర్మానం మార్చొద్దంటాడాయన.

వాక్యమే_చాలు
హృదయం అన్నిటికంటే మోసకరమైనది, యిర్మీయా 17:9. ఫీలింగ్స్ మీద కట్టే ఇల్లు ఇసుక మీద ఇల్లే. పైగా పరిశుద్ధుల కథలు...

కాపరి_కర్ర (మోడరేటర్)
ఆ "పైగా" దగ్గరే ఆపండి బ్రదర్. దానికి వేరే థ్రెడ్ ఉంది, అక్కడ ఇప్పటికే రక్తం పారుతోంది.

వాక్యమే_చాలు
సరే. కానీ ఫీలింగ్స్ గురించి అన్నమాట మీద ఉన్నాను.

మార్త_పనిలో
పని మధ్యలో చదువుతున్నా, తప్పులుంటే క్షమించండి. ఈ "లోపల సమాధానం ఉంటే దేవుని చిత్తం, లేకపోతే కాదు" అనేది నేనూ చిన్నప్పట్నుంచీ విన్నాను. మరి యోనా దేవుడి నుంచి పారిపోతూ తుఫానులో ఓడ అడుగున గాఢనిద్ర పోయాడు. ఎంత సమాధానం! ప్రభువేమో గెత్సేమనేలో సరిగ్గా తండ్రి చిత్తం మధ్యలో ఉండి చెమట రక్తబిందువుల్లా కారేంత వేదన పడ్డాడు. సమాధానం మీటరు పెట్టి కొలిస్తే ఎవరు పాసైనట్టు?

లొయోలా_దారి
మార్త అక్కా ఇది గట్టి దెబ్బ. ఒప్పుకుంటున్నాను, ఇగ్నేషియస్ కూడా పాపంలో కూరుకుపోతున్నవాడికి దురాత్మే హాయి చూపిస్తుందని మొదటి నియమంలోనే హెచ్చరించాడు. అంటే ఎటువైపు వెళ్తున్నామో ముందు చూసుకోవాలి, హాయి తర్వాత.

వాక్యమే_చాలు
ఇంకో సంగతి, "క్రీస్తు అనుగ్రహించు సమాధానము మీ హృదయములలో ఏలుచుండనియ్యుడి" అని కొలొస్సయి 3:15 ఎత్తుతారు కదా అందరూ ఈ విషయంలో. పైన 13 చదవండి, ఒకడి మీద ఒకడికి ఫిర్యాదు ఉంటే క్షమించుకోండి అని. 15లోనే "ఒక్క శరీరముగా పిలువబడితిరి" అని ఉంది. అక్కడ సమాధానం అంటే మనుషుల మధ్య సమాధానం. పరుపు మీద పడుకుని గుండె ఎలా ఉందో చూసుకోవడం కాదు.

ఊపిరాడని_విశ్వాసి
టాపిక్ మారుస్తున్నాననుకోకండి. నాది పెద్ద నిర్ణయాల సమస్య కాదు, చిన్నవాటిది. పొద్దున ఏ చొక్కా వేసుకోవాలి, ఎవరికి ముందు ఫోన్ చేయాలి, ఏ దారిలో వెళ్లాలి అన్నీ అడుగుతాను. అడక్కుండా చేస్తే ఆయన చిత్తం తప్పిపోయానేమో, ఆ దారిలో ఎవరికో సువార్త చెప్పాల్సి ఉందేమో అని రోజంతా పీకుతుంటుంది. ఇది భక్తా, జబ్బా?

మార్త_పనిలో
బాబూ, ఏదెనులో దేవుడు ఆదాముకి ముందు చెప్పిన మాటేంటి? తోటలోని ప్రతి చెట్టు పండూ నిరభ్యంతరంగా తినొచ్చు. ఒక్కటి తప్ప. ఇవాళ మామూలుగా ఏ చెట్టు దగ్గరకెళ్లాలి ప్రభువా అని ఆదాము పొద్దున్నే మోకాళ్లూనినట్టు లేదు. 1 కొరింథీ 7:39లో విధవరాలు ఎవర్ని పెళ్లి చేసుకోవాలంటే పౌలు "ఆమెకిష్టమైనవానిని" అని రాశాడు, ప్రభువునందు మాత్రమే అని ఒక్క కంచె వేసి. పెళ్లికే ఇష్టమైనవాణ్ణి అన్నప్పుడు చొక్కా ఎంత. నాకిద్దరు పిల్లలు, పొద్దున లేచి "అమ్మా ఏ చొక్కా నీ చిత్తం" అని రోజూ భయపడుతూ అడిగితే నాకు సంతోషమేస్తుందా, నేనేం పెంచానురా అని ఏడుపొస్తుందా? ఆ పీకుడు మరీ ఎక్కువైతే మాత్రం డాక్టరుతో కూడా మాట్లాడు, అందులో సిగ్గేం లేదు.

ఊపిరాడని_విశ్వాసి
చివరి లైను ఇంతవరకూ నాకెవరూ చెప్పలేదు. థాంక్స్ అక్కా.

రూతు_చేను
నా హ్యాండిల్ ఎందుకిలా పెట్టుకున్నానో చెప్తాను మాటొచ్చింది కాబట్టి. రూతుకి కల రాలేదు, దూత రాలేదు, ఎవరూ ప్రవచించలేదు. ఇంట్లో అత్త ఉంది, తినడానికి లేదు, కాబట్టి పరిగె ఏరుకోడానికి ఏదో ఒక పొలానికి బయల్దేరింది. ఆ చేను బోయజుదని ఆమెకి తెలీదు, అనుకోకుండా వెళ్లింది. దావీదు వంశమంతా ఆ "అనుకోకుండా" లోంచి వచ్చింది. ఆ పొద్దున రూతుని ఆపి "ఈరోజు దేవుని చిత్తమేంటమ్మా" అంటే "ఏమో, మా అత్తకి తిండి కావాలి" అనుండేది.

మార్త_పనిలో
చిన్నమంద గారూ, అత్త అనగానే గుర్తొచ్చింది. మీ మొదటి పోస్టు మళ్లీ చదివాను. సంఘం ఉంది, సండే స్కూల్ ఉంది, అమ్మ ఉంది అని రాశారు. అమ్మ ఏమంటోంది?

చిన్నమంద_12
అమ్మకి ఇంకా చెప్పలేదు.

మార్త_పనిలో
ఆఫర్ వచ్చి ఎన్నాళ్లయింది?

చిన్నమంద_12
నెలన్నర.

గాడిద_మాట్లాడింది
అంటే నలభై రోజులు పరలోకంలో ఉన్నాయన్ని అడిగారు, పక్క గదిలో ఉన్నావిడని ఒక్కసారి అడగలేదు

చిన్నమంద_12
అంత తేలిగ్గా తీసేయకండి. నాన్న పోయాక అమ్మకి నేనొక్కణ్ణే. చెప్తే ఏడుస్తుంది, లేకపోతే ఇంకా కష్టం, ఏడవకుండా "నీ ఇష్టం" అంటుంది. ముందు దేవుడి దగ్గర తేల్చుకుని అప్పుడు చెప్దామనుకున్నాను.

సందేహాల_తోమా
తేల్చుకుని ఏమని చెప్దామనుకున్నారు? నిజంగానే అడుగుతున్నా, పొడవడానికి కాదు.

చిన్నమంద_12
గంట నుంచి దీనికి జవాబు రాసి చెరిపేస్తున్నాను. "అమ్మా, ప్రభువు వెళ్లమన్నాడు" అని చెప్దామనుకున్నాను. అలా చెప్తే అమ్మ ఎదురు చెప్పదు. అమ్మ దేవుడికెప్పుడూ ఎదురు చెప్పలేదు.

ఇది ఇక్కడ టైపు చేసి చదువుకుంటే నాకే ఏదోలా ఉంది.

రూతు_చేను
మార్కు 7. కొర్బాను. అమ్మానాన్నలకి చేయాల్సింది ఎగ్గొట్టడానికి "అది దేవుడికి అర్పితం" అనేవాళ్లు. ఆ మాట అన్నాక ఇంక ఎవరూ నోరెత్తడానికి లేదు. తిడుతున్నాననుకోకండి తమ్ముడూ, మీరు ఎగ్గొట్టలేదు, అడగలేదంతే.

పాత_తిత్తి
పొద్దున నేను రాసిన పోస్టులో ఒకటి దాచాను. ఇప్పుడు చెప్తాను.

ఆ ప్రసంగీకుడు నాతో అన్నాడు, నిజమే. కానీ ఇంటికొచ్చి మా ఆవిడతో నేనేమన్నాను? "మనం ఏం చేద్దాం" అనలేదు. "ప్రభువు చెప్పాడు" అన్నాను. ఆమె గిన్నె తోముతోంది, ఆ గిన్నె తోముతూనే ఉంది, చాలాసేపు, అది ఎప్పుడో తెల్లగా అయిపోయింది. ఒక్క మాట అడిగింది, "డెలివరీ అయ్యాక వదిలితే ప్రభువు ఒప్పుకోడా" అని. నేను "ఆలస్యం చేస్తే అభిషేకం పోతుంది" అన్నాను, ఆయన మాటే. ఆమె ఇంకేమీ అనలేదు. నేనది లోబడటం అనుకున్నాను. ఆయన నాకు చేసిందే నేను ఆమెకి చేశాను, ఆయనైతే ఒక్క రాత్రి చేసి వెళ్లిపోయాడు, నేను మూడేళ్లు చేశాను. ఉద్యోగం వదలడం తప్పా కాదా అన్నది ఇప్పటికీ నాకు తెలీదు, పిలుపు నిజమేనేమో కూడా. ఆమె నోరు మూయించడం తప్పని మాత్రం తెలుసు. క్షమించమని అడగడానికి పదకొండేళ్లు పట్టింది.

మెథడిస్టు_మనవడు
అన్నా.. 🙏

తెరిచిన_తలుపు
దీనికి నా దగ్గర వాదన లేదు.

ఉదయపు_మంచు
నేనూ ఒకటి ఒప్పుకోవాలి. ఆ సంబంధం వద్దనుకున్నాక "ప్రభువు నాకు సమాధానం ఇవ్వలేదు" అని చెప్పించాను. అసలు నాకు ఆయన మాట్లాడే తీరు నచ్చలేదు. అది చెప్తే ఆయనకి కనీసం ఏమిటో తెలిసేది. దేవుడే వద్దన్నాడంటే మనిషి ఎక్కడికెళ్లి అప్పీలు చేసుకుంటాడు.

వాక్యమే_చాలు
నిర్గమకాండము 20:7. దేవుని నామాన్ని వ్యర్థంగా ఉచ్చరించడం అంటే తిట్లూ ఒట్లూ అనే అనుకుంటాం మనం. ఆయన చెప్పనిదాని కింద ఆయన సంతకం పెట్టడం కూడా దాని కిందకే వస్తుందని నాకనిపిస్తుంది. నేనూ పెట్టాను ఒకట్రెండుసార్లు, వాదనలో గెలవడానికి.

లొయోలా_దారి
ఇవాళ మీరూ నేనూ ఒకే మాట మీదున్నాం, తేదీ రాసిపెట్టుకోండి

వాక్యమే_చాలు
తాత్కాలికం.

సందేహాల_తోమా
ఒక డౌటు మిగిలిపోయింది. మరి నిజంగా ఆయన మాట్లాడితే? అందరూ అబద్ధం చెప్తున్నారనలేం కదా. పౌలుకి మాసిదోనియకి రమ్మని దర్శనం వచ్చింది.

మెథడిస్టు_మనవడు
వచ్చింది. అపో.కా. 16 మొత్తం చదివితే, దర్శనానికి ముందు రెండు చోట్ల దారి మూసుకుపోయింది, ఆసియలో వద్దు, బితూనియకి వద్దు. అంటే పౌలంతటివాడు కూడా రెండుసార్లు తప్పు దిక్కుకి బయల్దేరాడు, దాన్నెవరూ పాపం అనలేదు. దర్శనం చూసింది పౌలొక్కడే, కానీ దేవుడు పిలిచాడని "మేము" నిశ్చయించుకున్నాం అని ఆ పుస్తకం రాసిన లూకా అంటాడు, అంటే మిగతావాళ్లకి చెప్పాడు, వాళ్లూ ఆలోచించారు. ఇంతా చేసి వెళ్తే ఫిలిప్పీలో బెత్తం దెబ్బలు, జైలు, అదే అధ్యాయంలో. కరెక్టు దారిలో వెళ్తే సాఫీగా ఉంటుందన్న హామీ కూడా లేదు.

ఊపిరాడని_విశ్వాసి
ఇవాళ పొద్దున అడక్కుండా నీలం చొక్కా వేసుకున్నాను. ఇప్పటివరకూ ఏమీ కాలేదు, చెప్దామని.

గాడిద_మాట్లాడింది
నీలమా?? అయ్యయ్యో

(జోక్ జోక్, హాయిగా ఉండు తమ్ముడూ)

చిన్నమంద_12
రాత్రి అమ్మతో మాట్లాడాను. జరిగింది జరిగినట్టు రాస్తాను.

మంచం చివర కూర్చుని "అమ్మా నీతో ఒకటి చెప్పాలి" అన్నాను. ఆమె కళ్లజోడు తీసి బైబిల్ మధ్యలో పెట్టి మూసి "ఉద్యోగం సంగతేనా" అంది. నాకు నోట మాట రాలేదు. "నలభై రోజుల్నించి తెల్లవారుజామున గట్టిగా ప్రార్థన చేస్తున్నావు కదరా, గోడకి ఇవతల నాకు వినపడదా? ఊరి పేరు, జీతం అన్నీ విన్నాను. నన్నెప్పుడు అడుగుతావా అని చూస్తున్నా" అంది. నేను ఏడ్చాను, ఆమె ఏడవలేదు. వెళ్లమనీ అనలేదు, వద్దనీ అనలేదు. చాలాసేపు నాన్న గురించి మాట్లాడింది, ఆయన ట్రాన్స్‌ఫర్ వచ్చినప్పుడల్లా ఎలా విసుక్కునేవాడో. పడుకునే ముందు లైటు తీస్తుంటే మాత్రం "అక్కడ ఇల్లు చూసేటప్పుడు కింద పోర్షనే చూడు, ఈ మోకాళ్లతో నేను మెట్లెక్కలేను" అంది.

మార్త_పనిలో
పని ఆపేసి ఏడుస్తున్నా ఇక్కడ

పాత_తిత్తి
మా ఆవిడకి చదివి వినిపించాను. "ఆ అబ్బాయి తొందరగానే అడిగాడు" అంది. నా వైపు చూడలేదు, నవ్వింది మాత్రం.

తెరిచిన_తలుపు
అయితే తలుపు తెరుచుకున్నట్టే కదా 😄

రూతు_చేను
మీరు మారరు 😄

వాక్యమే_చాలు
బ్రదర్, సండే స్కూల్ పిల్లల సంగతేంటి? మధ్యలో వదిలేసి వెళ్తారా? ఎవరికైనా అప్పజెప్పాలి కదా, పాస్టర్ గారికి చెప్పారా?

చిన్నమంద_12
లేదు. ఆదివారం ఆరాధన అయ్యాక చెప్దామనుకున్నాను, కానీ కంపెనీకి జవాబివ్వాల్సింది శుక్రవారం. అదే ఆలోచిస్తున్నా, ఏం చేయాలా అని.

గాడిద_మాట్లాడింది
దీనికి కూడా నలభై రోజులు పెట్టకండి. పాస్టర్ గారికి ఫోన్ ఉంటుంది.

చిన్నమంద_12
చేస్తున్నా. రింగవుతోంది.